రేకుల మీది రెండు గుమ్మడికాయలు

20 సెప్టెంబర్ 1964, ఆదివారం

ఆయన ఇవాళ టోస్ట్ కావాలన్నాడు.

ఆషాఢంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక, ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం ఇదే మొదలు. మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను. మూతి ఒక పక్కకు లాగింది కాబట్టి మాట కూడా ఆ పక్కనుంచే వస్తుంది. అయినా సరిగ్గానే విన్నాను.

ఏ టోస్టో నాకు తెలుసు. ఒక ఏడాది చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలైన రోజు, పాకం వండే పాన్ హౌస్ వాళ్లందరినీ గెస్ట్ హౌస్‌కు నాష్తాకు పిలిచారు. ఇంటికొచ్చి చెప్పాడు, డబల్ రొట్టెను గుడ్డుల ముంచి నెయ్యిల వేయించిండ్రు, మీద చల్లిన చక్కెర మాత్రం నాదే, నేను వండిందే అని. పాన్‌లో చక్కెర వండడం ఆయన పని. మరుగుతున్న పాకం చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, పలుకు కట్టిందో లేదో చెప్పేవాడు. ఆ వేళ్లిప్పుడు నేను ఎత్తి పక్క మీద పెడితేనే అక్కడ ఉంటాయి.

గంజి సగమే తాగాడు.

22 సెప్టెంబర్

డాక్టర్ వచ్చాడు. ఒంట్లో కండ కరిగిపోతోందన్నాడు. మెత్తగా ఉండాలి, గొంతులో పట్టకూడదు, కానీ బలం ఉండాలి, ఇలా గంజి మీద చలికాలం దాటడం కష్టం అన్నాడు. గడప బయట నిలబడి మెల్లగా చెప్పాడు. ఆయన మంచం కిటికీ పక్కనే ఉంది. విన్నాడేమో.

23 సెప్టెంబర్

బేకరీ నుంచి డబల్ రొట్టె తెప్పించి, నాకు తోచినట్టు చేశాను. అంచు ముక్క గొంతులో అడ్డం పడింది. దగ్గి దగ్గి కళ్లు ఎర్రబడ్డాయి. వీపు రాస్తూ కూర్చున్నాను. మిగిలిన ముక్కలు కోళ్లకు వేశాను.

25 సెప్టెంబర్, మధ్యాహ్నం

గెస్ట్ హౌస్ వంటాయన దశరథం దగ్గరికి పోయాను. వంటింటి మెట్ల మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. సంగతి చెబితే బీడీ ఆర్పేశాడు. అక్కా, ముందుగాల అంచులు కోసెయ్, గుమ్మడికాయ ఉడకవెట్టి బట్టల వడగట్టు, ఆ గుజ్జుల పాలు, గుడ్డు, చక్కెర, జరంత ఇలాచీ కలిపి రొట్టెను మంచిగ నాననియ్, సన్నమంట మీద కాల్చు, నోట్ల వెడితే వెన్న లెక్క కరుగుతది అన్నాడు. అప్పట్ల నోట్ల పండ్లు లేని ముసలి దొర ఒకాయన ఉండె, ఈ దినాలల్ల గుమ్మడికాయ వచ్చిందంటే గిదే అడిగేటోడు, తిన్నంక మూతి నేనే తుడవాలె అని నవ్వాడు.

కొలతలు అడిగాను. చేతితోనే కొలతక్కా అన్నాడు. చేతికి ఎంత పడుతుందో చూపించమని అడిగి, ఇంటికొచ్చి ఆ లెక్కన గిన్నెతో కొలిచి చూసుకున్నాను. గుజ్జు ఒక గిన్నె అయితే పాలు సగం గిన్నె. కొలత తెలిస్తే నాకు మనసు కుదుటపడుతుంది.

గుమ్మడికాయలు ఇంట్లోనే ఉన్నాయి. స్నానాల గది రేకుల మీద రెండు పండాయి. పడిపోకముందు, మిరుగం కార్తెలో విత్తులు పెట్టింది ఆయనే.

27 సెప్టెంబర్, ఆదివారం

మా ఇళ్లలో నిండు గుమ్మడికాయను ఆడది కొయ్యదు. అది పెద్దకొడుకుతో సమానం అంటారు. మగవాడు మొదటి దెబ్బ వెయ్యాలి. తర్వాత ముక్కలు చెయ్యడం మన పని. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ప్రతి ఏడూ ఆయనే కత్తి దించి, రెండు చెక్కలు చేసి, ఇగ పట్టు అని నా చేతికి ఇచ్చేవాడు.

పక్క క్వార్టర్ బాలన్నను పిలిచాను. పాన్ హౌస్‌లో ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడే. షిఫ్ట్‌కు పోయేముందు వచ్చాడు. వదినె, అన్న కొడితే రెండు చెక్కలు తూకం ఏసినట్టు అయితుండె, నేను కొడితే అన్నదమ్ముల పంపకం లెక్క ఒకటి పెద్దగ ఒకటి చిన్నగ అయితది, నవ్వద్దు మరి అన్నాడు. అరుగు మీద పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. అన్నట్టే అయింది. నేను నవ్వాను.

టోస్ట్ బాగా కుదిరింది. మధ్యలో కూడా మెత్తగా, పచ్చగా ఉంది. ఇల్లంతా ఇలాచీ వాసన. చిన్న ముక్క చేసి నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించాడు. నిద్ర వస్తోందేమో అనుకుని మూత పెట్టి ఉంచాను. సాయంత్రం కూడా నోరు తెరవలేదు.

28 సెప్టెంబర్

గంజి కూడా వద్దన్నాడు. మందు మింగడానికి పాలు ఒక గుక్క. అంతే.

29 సెప్టెంబర్

అంతే.

30 సెప్టెంబర్

రుద్రూర్ నుంచి ఆయన అక్క హన్మవ్వ వచ్చింది. తమ్ముణ్ని చూసి, కన్నీళ్లు తుడుచుకుని, వంటింట్లోకి వచ్చింది. మిగిలిన గుమ్మడి చెక్క చూసి ఎవరు కొట్టిండ్రు అని అడిగింది. బాలన్న అన్నాను. అక్కడే కింద కూర్చుంది.

ఎంత పని చేసినవే వసంతా అన్నది. పక్కింటోళ్లను ఎవరు పిలుస్తరే, మొగదిక్కు లేని ఇంట్ల పిలుస్తరు. మా బాపు పోయినంక మా అవ్వ గిట్లనే కాయ పట్టుకొని వాకిట్ల నిలవడేది, ముత్తన్న కాక వచ్చి కొట్టిపోయేటోడు. కొట్టినప్పుడల్లా అవ్వ లోపలికి పోయి ఏడిచేది. వీడు దర్వాజ పక్కన నిలవడి చూసేటోడు. పానముండంగనే వానికి గదే చప్పుడు వినవెట్టినవ్ గదనే.

పద్ధతి తప్పకూడదని బాలన్నను పిలిచాను. పద్ధతి తప్పలేదు. అరుగుకూ మంచానికీ మధ్య ఆ కిటికీ ఒక్కటే అడ్డం. అది నాకు తట్టలేదు. పైగా నవ్వాను.

1 అక్టోబర్

నాది తప్పే అని చెప్పాను. గోడ వైపు చూస్తూ విన్నాడు.

హన్మవ్వ వదినె ఆయన్ను మందలించింది. ఒరేయ్ కాశీ, పెండ్లాం మీది కోపం కూటి మీద తీస్తవార, చిన్నప్పుడు గూడ గిదే మొండి, అవ్వ కొడితే అన్నం మానేటోనివి, ఆఖరికి తినేది పిల్లి అన్నది. పెదవి కొంచెం కదిలింది. ఆమె చేత్తో ఒక చెంచా జావ తీసుకున్నాడు. కొంతసేపటికి అది మూతి పక్కనుంచి మెడ మీదికి కారింది. వదినె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టలేదు.

5 అక్టోబర్, పెత్రమాస

మిగిలిన గుమ్మడి చెక్కను పెద్దల పేరిట కూర వండి పెట్టాను. వదినె రుద్రూర్ వెళ్లిపోయింది. ఆయన ఇంకా పాలు, నీళ్ల గుక్కల మీదే ఉన్నాడు.

బతుకమ్మకు ఆకులు, పూలు కావాలని క్వార్టర్ల ఆడపిల్లలు వచ్చి మా తీగ మీద పడ్డారు. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. ఒక పిల్ల గోడెక్కి రేకుల మీది కాయ మీద చెయ్యి వేస్తే, గొంతులోంచి ఒక కేక వచ్చింది. మాట కాదు. పిల్ల భయపడి దూకి పరుగెత్తింది.

ఆ రెండో కాయ మీద ఆయనకు ధ్యాస ఉంది.

8 అక్టోబర్

డాక్టర్ ఈసారి మంచం పక్కనే నిలబడి చెప్పాడు. దసరా పోయాక నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పోయాలి, ఇక వేరే దారి లేదు అన్నాడు. ఆయన ఎడమ చెయ్యి దుప్పటిని పట్టుకుంది. డాక్టర్ వెళ్లేదాకా వదల్లేదు.

ఆయన ఎందుకు తినడం మానేశాడో బాలన్నకు ఎట్లాగో తెలిసింది. వాకిట్లోనే నిలబడ్డాడు. వదినె, నా చెయ్యి ఇరిగినా మంచిగుండు అన్నాడు. నీ తప్పేం లేదు, పిలిచింది నేను అన్నాను. లోపలికి రమ్మంటే రాలేదు.

10 అక్టోబర్, ఉదయం

నిచ్చెన వేసుకుని రెండో కాయ నేనే దించాను. దించడానికి ఆడవాళ్లకు అడ్డు లేదు. కడిగి తుడిచి మంచం మీద ఆయన ఎడమ పక్కన పెట్టాను. పక్కన కత్తి. ఇది మీ కాయ, మీరు కొట్టినప్పుడే కోస్తాను, ఇంకెవరినీ పిలవను అని చెప్పాను.

డబల్ రొట్టె తెప్పించాను. పాలు, గుడ్లు ఉన్నాయి.

11 అక్టోబర్

కాయ అక్కడే ఉంది. మధ్యాహ్నం చూస్తే ఎడమ అరచెయ్యి దాని మీద ఉంది. కళ్లు మూసుకున్నాడు.

రొట్టె గట్టిపడింది. నానబెట్టి కోళ్లకు వేసి, మళ్లీ తెప్పించాను.

12 అక్టోబర్

నీళ్లు తోడుతుంటే లోపల కత్తి పడిన చప్పుడైంది. తలుపు సందులోంచి చూశాను. కాయ మీద గోటితో గీరినట్టు సన్నని గీత. ఎడమ చెయ్యి మంచం కిందికి వేలాడుతోంది. కత్తి అందడం లేదు.

వెంటనే లోపలికి పోలేదు. బిందె నిండేదాకా నీళ్లు తోడి, బట్టలు కూడా ఆరేసి, అప్పుడు పోయి ఇల్లు ఊడుస్తున్నట్టు కత్తి తీసి పక్కన పెట్టాను. ఆయన నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

బాగా నీరసించాడు. గొట్టానికి ఒప్పుకోవాలేమో.

14 అక్టోబర్, ఉదయం

పొయ్యి దగ్గర ఉన్నాను. లోపల దబ్బుమని పెద్ద చప్పుడు. ఆయనే పడ్డాడనుకున్నాను. గోడ పట్టుకుని పోయాను.

మంచం మీదే ఉన్నాడు. కాయ కింద బండ మీద ఉంది. పగిలి రెండు చెక్కలైంది. గింజలు గోడ దాకా చిందాయి. కత్తి పెట్టింది పెట్టినట్టే ఉంది. మోచేత్తో తోసి తోసి అంచు దాకా తెచ్చి పడేసినట్టున్నాడు. దుప్పటి అంతా నలిగి ఒక పక్కకు వచ్చేసింది.

కోపంతో విసిరాడనుకున్నాను. తన కళ్ల ముందు ఇది కూడా ఉండొద్దని. ఏడుపు వచ్చింది. చెక్కలు ఏరడానికి వంగాను.

తల ఎత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. మొహమంతా చెమట. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఎడమ చెయ్యి చెక్కల వైపు చాపి, మూతి పక్కనుంచి, ఒక్కో అక్షరం కూడదీసుకుని అన్నాడు.

ఇగ పట్టు.

15 అక్టోబర్, దసరా

పొద్దున చిటికెడు చక్కెర ఎడమ చేతి వేళ్ల మధ్య రాసి చూశాడు. నాదే అన్నాడు. టోస్ట్ రెండు ముక్కలు తిన్నాడు. మూడోది బాలన్నకు పంపమన్నాడు.