మూడో రీలు

మార్చి 9

ప్రియమైన ఐలిఫ్,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. జవాబు రాద్దామని రోజూ కూర్చుంటున్నాను, లేస్తున్నాను. నా చదువు నీకు తెలిసిందే, తప్పులుంటే నవ్వకు. ఒక మాట దాచుకున్నాను. అది చెప్పకుండా ఇంకేదీ రాయలేను.

ఫిబ్రవరి మొదట్లో సినిమా బండి వచ్చింది. అత్తయ్యా నేనూ ఊరి హాలుకు వెళ్లాం. చుక్కల మధ్య ఓడలు తిరిగే కథ. అందులో ఒక ముసలి గురువు చెయ్యెత్తితే బండరాయి గాలిలోకి లేచింది. నువ్వుంటే "సన్నతీగ కట్టి లాగుతారే పిచ్చిదానా" అనేవాడివి. కానీ ఆ గురువు శిష్యుడికి ఒక భార్య ఉంది. ఇంట్లో నిలబడి ఉండగా ఆమె చేతిలోంచి కప్పు జారిపడింది. గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ తర్వాత చాలాసేపటికి గానీ అతని ఓడ తగలబడలేదు, కబురు రాలేదు. ఆమెకు ముందే తెలిసిపోయింది. హాల్లో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

దారిలో అత్తయ్య అంది: "అది ఉత్త సినిమా కాదు పిల్లా. మీ మామ సముద్రంలో మునిగిన రోజు పొద్దున్నే నా గుండె జారింది. ప్రేమున్న ఆడదానికి తెలుస్తుంది."

అప్పటినుంచి రోజూ కిటికీ దగ్గర నిలబడి నీమీద మనసు పెట్టాను. నువ్వు చేపలవేటకు వెళ్లిన లొఫోటెన్ సరిగ్గా ఎటుందో తెలియక కొండవైపు చూసేదాన్ని.

పోయిన నెల పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం వల తాడు కాలికి చుట్టుకుని నీళ్లలో పడ్డానని రాశావు. ఆ మధ్యాహ్నం నేను చేప ముద్దలు వేయిస్తూ పాట పాడుకుంటున్నాను ఐలిఫ్. నా చేతిలోంచి ఏదీ జారలేదు. "నీకు తెలిసిందా?" అని అత్తయ్య అడిగితే తెలియలేదన్నట్టు తల వంచుకున్నాను. ఇప్పుడు బల్లకు చెరోవైపు కూర్చుని మాటల్లేకుండా తింటున్నాం. నేను నీకు తగిన భార్యను కానేమో.

టూరిడ్


మార్చి 16

ఐలిఫ్,

నిన్న సినిమా బండి మళ్లీ వచ్చింది. బండి నడిపే ఓడ్‌వార్ టికెట్లు చింపుతూ అందరికీ వినబడేలా అన్నాడు: "పోయినసారి మూడో రీలు కన్నా నాలుగోది ముందు వేశాను. కబురు విన్నాకే ఆ పిల్ల కప్పు వదిలేస్తుంది. మీ ఊళ్లో ఒక్కరూ అడగలేదేం? నిద్రపోయారా?"

"మేం భక్తిగా చూశాంలేవయ్యా" అన్నాడు కొట్టు నడిపే హాల్వ్‌దన్. అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే కూర్చుంది. "మీ మామ మునిగిన రోజు నేను చేపలకు ఉప్పు పట్టిస్తున్నా టూరిడ్. పాస్టరుగారు కబురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేదాకా నాకేం తెలీదు. ఎవరో అడిగితే ముందే తెలిసిందని ఒకసారి అన్నా. ఇరవై రెండేళ్లుగా అదే చెబుతున్నా."

కాఫీ పోసిచ్చాను. ఆవిడ కప్పును రెండు చేతులా పట్టుకుని తాగింది, అది పడలేదు.

గురువు బండను లేపాడో, తీగతో లాగారో, అది నీకే వదిలేస్తున్నాను. నాకు మాత్రం ఏ శక్తీ లేదు. నువ్వు నీళ్లలో పడినా, ఎండలో నవ్వినా ఇక్కడ నాకు తెలియదు. అందుకని నువ్వే చెప్పాలి. వారానికి ఒకటైనా రాయి. రెండు ముక్కలైనా చాలు.

నీ టూరిడ్