లోపల వదలని గుడ్డ

ప్రియమైన బొద్దమ్మకు,

చెల్లి పెళ్ళికి నీ డ్రెస్సు కుట్టేశాను. నీలం రంగు, నీకు నప్పేది. మెడ దగ్గర పనితనం చూసి షాపుకొచ్చిన ఆడవాళ్ళంతా ఎవరిదని అడిగారు. మా పెద్దదానిది అన్నాను.

ఒక్క మాట. కొలతలు ఇప్పటివి కావు, నువ్వు కాలేజీలో ఉన్నప్పటివి. ఎవరికి కుట్టినా లోపల కాస్త గుడ్డ వదులుతాను, రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. నీకు మాత్రం వదల్లేదు, కుట్టు దాకా కత్తిరించేశాను. గుడ్డ ఉంటే నీకు దిగులుండదు, దిగులు లేకపోతే నువ్వు తగ్గవు. నీ సంగతి నాకు తెలీదా? పెళ్ళికి ఇంకా టైముంది. కాస్త నోరు కట్టుకో తల్లీ. వియ్యపురాలు పుల్లలా ఉంటుంది, ఆవిడ ముందు నా పరువు నిలబెట్టు.

కోపం తెచ్చుకోకు. నేను కాక ఎవరు చెబుతారు నీకు?

నీ మంచే కోరే
అమ్మ

*

అమ్మా,

డ్రెస్సు అందింది. చాలా బావుంది. భుజాల దగ్గరే ఆగిపోయింది.

నీకో విషయం చెప్పాలి, నవ్వకు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా పార్సిలు ఆఫీసులో అందరూ వెళ్ళిపోయాక వెనక గదిలో అట్టపెట్టెల చాటున కూర్చుని తింటున్నానమ్మా. ఆకలేసి కాదు. బ్రెడ్డు, బిస్కెట్లు, ఏది దొరికితే అది. రుచి కూడా తెలీదు. కడుపు నొప్పి పుట్టేదాకా చెయ్యి ఆగదు. తర్వాత ఖాళీ పొట్లాలన్నీ బ్యాగులో కుక్కుకుని పక్క వీధిలో పడేస్తాను, ఎవరి కంటా పడకుండా.

ఇది తిండిపోతుతనం కాదట, జబ్బట. తగ్గాలని పగలంతా కడుపు మాడ్చుకోవడమే సాయంత్రం నన్ను ఆ గదిలోకి తోస్తోందట. వేళకు తినమన్నారు. ఇంట్లోవాళ్ళు నా ఒంటి గురించి మాట్లాడకపోతే మంచిదన్నారు.

డ్రెస్సు వెనక్కి పంపుతున్నాను. పక్కల్లో ఏదైనా గుడ్డ అతుకేసి వదులు చేస్తావా? నీకు చిటికెలో పని.

నీ పెద్దది

*

ప్రియమైన బొద్దమ్మకు,

బాగా తినడానికి జబ్బని పేరు పెట్టే డాక్టర్లు కూడా ఉన్నారన్నమాట! మీ నాన్న పోయాక మీ ఇద్దర్నీ ఈ మిషను మీదే పెంచాను. నాకెప్పుడూ ఇలాంటి జబ్బులు రాలేదు, తీరిక లేక.

డ్రెస్సు ఎలా వచ్చిందో అలాగే తిప్పి పంపుతున్నాను. అతుకులేస్తే పెళ్ళిలో అందరి కళ్ళూ ఆ అతుకుల మీదే ఉంటాయి. మనసు గట్టి చేసుకో చాలు, డాక్టరూ వద్దు గీక్టరూ వద్దు.

నీ మీద ఆశతో
అమ్మ

*

అమ్మా,

డ్రెస్సు పట్టింది. పెళ్ళికి ముందురోజు వస్తాను. స్టేషనుకి ఎవరూ రానక్కర్లేదు.

పెద్దది

*

ప్రియమైన నా బంగారానికి,

ఇక బొద్దమ్మ అని పిలవలేనుగా! పెళ్ళిలో నిన్ను చూసి పెళ్ళికూతురెవరని అడిగినవాళ్ళున్నారు. నీ ఫోటో పెద్దది చేయించి షాపులో మిషను ఎదురుగా తగిలించాను. ఏ మందు వాడిందని, ఏం మానేసిందని వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు. ఏం చేశావో వివరంగా రాయి, వాళ్ళకి చెబుతాను.

విందులో నువ్వు మాటిమాటికీ బాత్రూముకి వెళ్తుంటే మా వియ్యపురాలు ఏదో అనబోయింది. ప్రయాణం బడలిక అని సర్దేశాను. అక్క చేతులు చల్లగా ఉన్నాయని చెల్లి ఏడుపు మొహం పెట్టింది. దానిదంతా గాభరా. నా మాట వింటే ఎలా ఉంటావో చూశావా?

గర్వంతో పొంగిపోతున్న
అమ్మ

*

అమ్మా,

ఏం చేశానో రాయమన్నావుగా. రాస్తున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేశాను. పగలంతా మంచినీళ్ళతో గడిపాను. సాయంత్రం మళ్ళీ ఆ అట్టపెట్టెల చాటునే. తిన్నదంతా కావాలనే కక్కేసేదాన్ని, రోజూ. నీ డ్రెస్సు అలా పట్టింది. నీ షాపుకొచ్చేవాళ్ళకి ఇదే చెప్పు.

ఈ ఉత్తరం ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. పార్సిలు ఎత్తబోయి పడిపోయాను. ఒంట్లో లవణాలు పడిపోయి గుండె లయ తప్పి కొట్టుకుంటోందన్నారు. ఆ ఫోటో తీసెయ్యమ్మా. అందులో ఉన్నది చావుకి దగ్గరైన మనిషి.

ఇక్కడ వేళకి పళ్ళెం వస్తుంది. తినేదాకా ఎదురుగా ఒక నర్సు కూర్చుంటుంది. పళ్ళెం వైపు చూడదు. తన చెప్పు తెగిన సంగతి, వాళ్ళ మరిది గురక సంగతి చెబుతుంది. మొన్న ఆవిడ మాటలు వింటూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంత చిన్న పని నువ్వెందుకు చెయ్యలేకపోయావని. నీ మీద కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు వేసుకోవడానికి రెడీమేడ్ డ్రెస్సు తెప్పించుకున్నాను. వదులుగా ఉంది, హాయిగా ఉంది. ఇక నాకేమీ కుట్టకు.

రావాలనుకుంటే భోజనం వేళకు రా. నాతో కూర్చుని తిను. నా ఒంటి గురించి, నా పళ్ళెం గురించి ఒక్క మాట అనకుండా ఉండగలిగితేనే రా.

నీ కూతురు

*

ప్రియమైన పెద్దమ్మాయికి,

ఉత్తరం చదివి ముందు రెడీమేడ్ మాటకే ఒళ్ళు మండింది. నేనెలాంటిదాన్నో చూడు. ఆసుపత్రి సంగతి ఆ తర్వాతే నా బుర్రకెక్కింది. అప్పుడు షాపు మూసేసి కూర్చున్నాను. ఫోటో తీసేశాను.

వెంటనే టికెట్టు కొన్నాను. వచ్చేముందు అలవాటు చేసుకుందామని, మొన్న ఇంటికొచ్చిన చెల్లిని భోజనానికి కూర్చోబెట్టి, నోరెత్తనని ఒట్టేసుకున్నాను. అది రెండోసారి వడ్డించుకోబోయింది. "చాల్లేవే, కొత్త పెళ్ళికూతురివి" అనేశాను. అన్నాక గానీ అన్నానని తెలియలేదు. అది గరిటె మెల్లగా గిన్నెలో పెట్టేసి, నవ్వి, లేచి చెయ్యి కడుక్కుంది. ఆ నవ్వు, ఆ లేవడం నాకు కొత్త కాదు. చిన్నప్పటినుంచీ మీ ఇద్దరి దగ్గరా చూస్తూనే ఉన్నాను. బుద్ధిమంతులనుకుని మురిసిపోయాను.

టికెట్టు రద్దు చేసుకున్నాను. నీ మీద పంతంతో కాదు. నీ ఎదురుగా కూర్చుంటే ఏదో ఒకటి అనకుండా ఉండలేను. ఆపుకోవాలని చూశాను, నా వల్ల కాలేదు.

చెల్లిని పంపిస్తున్నాను. దాన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో. నేను లేని చోట ఇద్దరూ కడుపునిండా తినండి.

అమ్మ