గోడవతల గొడవ

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కిందటి నెల మన బందరు చర్చి హాల్లో ఒక నర్సమ్మ, గుండె ఆగిన మనిషికి ఛాతీ ఎలా నొక్కాలో బొమ్మ మీద నేర్పింది. "గట్టిగా నొక్కండమ్మా, బొమ్మకేం నొప్పెట్టదు," అంది. నువ్వు పడిపోయినప్పుడు అది తెలియక నీ అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాను.

పోయిన వారం పక్కింటి సుగుణక్క భర్త వాకిట్లో కూలిపోతే, అంబులెన్సు వచ్చేదాకా నేనే నొక్కాను. ఆయన బతికి నిన్న ఇంటికొచ్చాడు. అక్క నా చేతులు కళ్ళకద్దుకుని, "నా ఇల్లు నిలబెట్టావే తల్లీ," అంది. నవ్వాను.

ఇప్పుడు పులుసులో ఉప్పు లేదని ఆయన అరుస్తున్నాడు. "డాక్టరు గారు వద్దన్నారు, నోర్మూసుకుని తినండి," అని అక్క కూడా అరుస్తోంది. వింటుంటే నాకు కడుపు మండిపోతోంది బావా. ఆయన మళ్ళీ పడిపోయినా నేనే పరిగెత్తుతాను. ఈ పూటకి మాత్రం కిటికీ వేసేశాను.