సుహైలా నీళ్ళు

అమ్మకు,

రుబా సలాములు. నేనిక్కడ కులాసా. నువ్వు భయపడ్డట్టు చిక్కిపోలేదు, ఇంకాస్త ఒళ్ళు చేశాను కూడా. నాన్న దగ్గు తగ్గిందనీ, నువ్వు వేళకు మాత్రలు వేసుకుంటున్నావనీ నమ్ముతున్నాను. సరిహద్దు వంతెన దాటి మన జర్కాకు పెళ్ళికి వస్తున్న వాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మామయ్య పేరెత్తగానే ఫోన్ పెట్టేసేదానివి నువ్వే కదా తల్లీ! అందుకే కాగితం పట్టుకున్నాను. కోపమొచ్చినా చివరిదాకా చదువు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. నువ్వు ఎక్కి పడ్డ అంజూరు చెట్టు ఉంది, కాకపోతే సగం ఎండింది. మీ పక్కింటి ఖౌలా పిన్ని నోరు ఏమాత్రం తగ్గలేదు. నీ చిన్నప్పుడు కత్తి అయితే ఇప్పుడు రంపం. తన ఇంట్లో పెట్టుకుని కన్నకూతురిలా చూస్తోంది, కన్నకూతురిలాగే తిడుతోంది. మన కొండ మీది మెట్ల చేలన్నీ నిలిచే ఉన్నాయి. ఎదురు కొండ మీద మాత్రం బీడుపడ్డాయని పరాయివాళ్ళు లాక్కున్న మళ్ళ చుట్టూ కొత్త కంచెలు వచ్చాయి. అటువైపు చూడాల్సి వస్తే పిన్ని తల తిప్పేసుకుంటుంది.

నీ మడి పచ్చగా ఉందని ఫోన్లో చెబితే, "అయితే కాజేశాడన్నమాట" అని ఒక్క ముక్క అన్నావు. ఆ మాట అప్పటినుంచీ నన్ను తొలుస్తూనే ఉంది. తాతయ్య పోయాక ఊళ్ళో ఆడపడుచులందరిలా నీ వాటా అన్నకు వదిలెయ్యనన్నావు. "మగవాడుండగా ఆడదానికి మడెందుకు?" అన్నాడు మామయ్య. నువ్వు గుమ్మం దిగి మళ్ళీ ఎక్కలేదు. ఇదంతా నాకు చిన్నప్పటినుంచీ కంఠస్థం. అలాంటిదానివి, ఈసారి నేను బయల్దేరుతుంటే, "నలుగురి ముందూ నిలబడి మా అమ్మ వదిలేసిందని చెప్పిరా, పీడ విరగడైపోతుంది" అన్నావు. అంత సులువుగా ఎలా అనగలిగావో నాకు ఆరోజు అర్థం కాలేదు. బహుశా విసిగిపోయావు.

ఇక నా ఘనకార్యం విను. నేను వచ్చిన గురువారం మన కుటుంబానికి ఊట నీళ్ళ వంతు. మామయ్య తన మడికి కాలువ మలుపుతుంటే పైగట్టు మీదనుంచి కాసేపు చాటుగా చూసి వచ్చేశాను. వదిలేసే మాట చెప్పేముందు ఒక్కసారైనా నీ మడికి నా చేత్తో నీళ్ళు పెట్టాలనిపించింది. మళ్ళీ గురువారం రాగానే, మామయ్యకంటే ముందే పొద్దున్నే వెళ్ళి, కాలువకు అడ్డంపెట్టిన రాయీ పాతగుడ్డా లాగేసి, నీళ్ళు నీ మడికి తిప్పాను. ఎంత సంబరపడ్డానో! చెప్పులు విడిచి బురదలో నిలబడి పాట కూడా అందుకున్నాను.

పాట సగంలో ఉండగా పైనుంచి కేక.

"ఓసి దొంగమొహమా! నా ఇంట్లో తిని నా నీళ్ళే కాజేస్తావుటే?"

చూస్తే ఖౌలా పిన్ని, పార ఎత్తి పట్టుకుని దిగొస్తోంది.

"అదేంటి పిన్నీ, ఇవాళ గురువారమేగా!"

"అయితే? మీ జర్కాలో వారానికి ఏడు రోజులేమో! ఇక్కడ ఎనిమిది కుటుంబాలు, నీళ్ళ వారానికి ఎనిమిది రోజులు. పోయిన గురువారం మీది, ఈ గురువారం మాది, రేపు శుక్రవారం మీది. ఇంత చదువు చెప్పించింది, ఈ లెక్క చెప్పలేదుటే మీ అమ్మ? అక్కడ నా వంకాయ నారు నాలుక వెళ్ళబెట్టి చూస్తోంది!"

ఎన్ని కబుర్లు చెప్పావు, ఈ మాట ఒక్కసారైనా చెప్పావా అమ్మా? నీకది చెప్పాల్సిన సంగతని కూడా తోచి ఉండదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక్కడ తప్పిపోయిన నీళ్ళు తిరిగి నీళ్ళతోనే కట్టాలిట. అదీ పెద్దల ఎదుట. మర్నాడు అన్ని కుటుంబాల పెద్దలూ ఊట తొట్టి చుట్టూ కూర్చున్నారు. తొట్టి నీళ్ళు కొలిచే కర్ర పట్టుకుని కుంటుకుంటూ మామయ్య వచ్చాడు. మొదటిసారి ఎదురుపడ్డాం. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "నిలబడ్డం అచ్చం దానిలాగే, గొడవకి సిద్ధంగా" అన్నాడు. పలకరింపంటే అదే.

కర్ర తొట్టిలో దించాడు. పిన్ని ముందుకొచ్చింది.

"పిల్ల పారించుకుంది తల్లి మడికేగా. సుహైలా వాటాలోంచే కొయ్యి."

"నా వాటాలోంచి తీసుకో. దానిది ముట్టుకోకు" అన్నాడు మామయ్య.

"నీ టమాటాలు మాడిపోతాయి షుక్రీ."

"మాడనీ! దాని నీళ్ళ జోలికి రావద్దన్నానా లేదా?"

నాకేమీ బోధపడలేదు. నీ వాటా ఏమిటి, నీ నీళ్ళేమిటి! అంతలో మామయ్య తన వాటా పిన్నికి వదిలేసి, మన కాలువ గుడ్డ పీకి, నోటికి చేతులు అడ్డంపెట్టుకుని, "సుహైలా నీళ్ళూ!" అని కేకేశాడు. ఎవరి మడికి నీళ్ళు మలిపితే వాళ్ళ పేరు పిలవాలిట. నీ పేరు ఆ కొండకీ ఈ కొండకీ కొట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచి పిన్నీ ఇలా?" అని గొణిగాను.

"మీ అమ్మ అలిగి వెళ్ళిన వంతునుంచీ. పేరు పిలవని వాటా ఏడాది తిరిగితే తలా ఇంత పంచేసుకుంటారు కదే. ఇంట్లో దాని పేరెత్తడు, పెళ్ళాన్ని ఎత్తనివ్వడు. ఇక్కడికొస్తే మాత్రం ఇదిగో, ఊరు లేచిపోయేలా అరుస్తాడు. జ్వరంతో మూలుగుతూ వచ్చి కూడా అరిచాడు."

"మరి అమ్మకెందుకు చెప్పలేదు?"

"వాడి పేరు నా నోట రానిచ్చిందా, మహాతల్లి!"

నాకు ఏడుపు ఆగలేదమ్మా. అందరూ చూస్తున్నారని కూడా లేదు. నువ్వడుగుతావని, మడి పంట సంగతి మామయ్యనే అడిగేశాను. "తిన్నాను. చెట్టుకే కుళ్ళబెట్టమంటావా?" అన్నాడు. దాచలేదు. ఆయన మంచివాడని నేను చెప్పడం లేదు. ఆరోజు నీతో అన్న మాట తప్పే. ఆ తప్పు ఒప్పుకునే నోరు ఆయనకు ఈ జన్మలో రాదు. ఉన్న నోటితో నీ పేరు పిలుస్తూ వచ్చాడు.

ఇంతసేపూ నేను సాగదీసింది ఇక్కడికి రావడానికే. నీళ్ళు పారుతున్నాయి, పెద్దల్లో ఒకాయన గడ్డం నిమురుకుంటూ నా వైపు తిరిగి, "ఇంత దూరం వచ్చావు, మీ అమ్మ ఏం కబురు పంపిందమ్మా?" అన్నాడు. మామయ్య కర్ర తుడుచుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. నువ్వు చెప్పమన్న మాట నా నాలుక మీదే ఉంది. నలుగురూ ఉన్నారు. అంతకంటే మంచి సమయం దొరకదు కూడా.

"ఆలివ్ కోతకి వస్తానని చెప్పమంది" అన్నాను.

తిట్టుకో, నాకు తగినదే. నీ నోట్లో లేని మాట నీ పేరు మీద చెప్పాను. మామయ్య కాలువ దగ్గర వంగి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. తర్వాత నన్ను ఇంటికి లాక్కెళ్ళాడు. నువ్వు మంచినీళ్ళు కూడా ముట్టొద్దన్న ఇంట్లో బియ్యం కూరిన వంకాయలు అడిగి మరీ వడ్డించుకున్నాను. అదీ చెప్పేస్తున్నాను.

వంతెన దాటడానికి నాలా నువ్వు వీసా కోసం దేవులాడక్కర్లేదు, నీకు ఇక్కడి గుర్తింపు కార్డు ఉంది. రానంటే బలవంతం లేదు. నేనే వెళ్ళి, అబద్ధమాడానని, నువ్వు వదిలేశావని చెప్పేస్తాను. తన్నులు తిన్నా సరే, చెబుతాను. కానీ త్వరగా రాయి. ఎందుకంటే ఆ మర్నాటినుంచీ మామయ్య నీ మడికి దిగే రాతి మెట్లు పెకలించి, ఒక్కొక్క మెట్టుకి మధ్య ఇంకో మెట్టు కడుతున్నాడు. బాగున్న మెట్లు ఎందుకు పాడుచేస్తున్నావని అత్తయ్య కసిరితే నడుం ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"అది వెళ్ళినప్పుడు దూకుతూ దిగింది. ఇప్పుడు దానికీ నా వయసొచ్చి ఉంటుంది."

ఇట్లు,
నీ పేరు మీద అబద్ధమాడిన నీ కూతురు
రుబా