గొర్రెల దొడ్డిదాకా ఫోన్

నాయనా,

నువ్వు చనిపోయి ఏడాదైంది. బద్వేలులో లారీ ఆపి ఫోన్ చేస్తావని అమ్మ సాయంత్రమైతే ఫోన్ దగ్గర నుంచి కదిలేది కాదు కదా, ఇప్పటికీ అంతే. గొర్రెలను కూడా పట్టించుకోవడం లేదు. దొడ్డిలో గొర్రెల దగ్గరికీ పట్టుకెళ్లొచ్చని ఆత్మకూరులో వైరు లేని ఫోన్ కొన్నాను.

తీరా దొడ్డిలోకి వెళితే గరగర తప్ప మాట వినపడదు. లైను తగిలించే దాని పెట్టెను ఇల్లంతా మార్చి మార్చి నా నడుము పడిపోయింది. ఇనుప బీరువా పక్కన పెట్టకూడదట. కిటికీలో పెట్టి ఏరియల్ పైకి లాగితే గొర్రెలదాకా మాట వచ్చింది.

అంతలో ఇంకో తంటా. ఎదురింటి టీచరమ్మదీ అదే రకం ఫోన్. ఆమె ఎత్తితే మన లైను కలుస్తోంది. రహస్య నెంబరు పెట్టుకుంటే కలవదని షాపతను చెప్పాడు.

"మీ నాయన లారీ నెంబరు పెట్టు పాపా" అంది అమ్మ.

"అది ఊరందరికీ తెలుసు గదమ్మా. ఎవురికీ తెలియంది పెట్టాల."

"ఎవురికీ తెలియంది పెడితే ఆయనెట్ట చేస్తాడు?"

లారీ నెంబరే పెట్టాను నాయనా.