ఆంటీకి చెప్పకూడనిది

సెప్టెంబర్ 8, సోమవారం

రాయక తప్పదు. ఇవాళ లాబ్‌లో తెలిసిన విషయం ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. చెప్పనని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టాను. మనసులో పెట్టుకుని తిరగడం మాత్రం నావల్ల కావడం లేదు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. అందుకే ఫోన్‌లో, పాస్‌వర్డ్ పెట్టి రాస్తున్నాను.

రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్ళ జన్యువుల్ని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ జన్యువులతో పోల్చి చూడటం మా పని. ఆరోగ్యవంతుల్లో ఇండియన్లు తక్కువగా ఉన్నారని మా లాబ్ హెడ్ డాక్టర్ యో పోయినేడు బాధపడితే, తెలుగువాళ్ళని కొంతమందిని నేనే తీసుకొచ్చి రక్తం ఇప్పించాను. శాంపిళ్ళకి పేర్లుండవు. కోడ్, వయసు, ఆడా మగా, ఎవరికెవరు ఏమవుతారు, ఫలితం చెప్పమన్నారా వద్దన్నారా, అంతే.

ఇవాళ ఒక భార్యాభర్తల దగ్గర ప్రోగ్రామ్ ఎర్ర గుర్తు పెట్టింది. భార్యకీ భర్తకీ డీఎన్ఏ కలవకూడదు. వీళ్ళకి పావు వంతు కలిసింది. శాంపిల్స్ తారుమారైనట్టున్నాయి, రెండూ తీసెయ్ అని డాక్టర్ యో వెళ్ళిపోయింది.

తారుమారు కాలేదు. మేనమామని చేసుకుంటే సరిగ్గా అంతే కలుస్తుంది. ఆమెకి నలభై మూడు, ఆయనకి యాభై అయిదు. నేను తీసుకొచ్చిన వాళ్ళలో అలాంటి జంట ఒక్కటే. ఈ ఊళ్ళో క్లెమెంటి అనే పేటలో నేను అద్దెకుంటున్న గది వాళ్ళ ఫ్లాట్‌లోదే. శ్యామల ఆంటీ, మహీధర్ అంకుల్.

తీసెయ్యబోయే ముందు ఫైళ్ళు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. ఇద్దరికీ BRCA2 అనే జన్యువులో ఒకే మ్యుటేషన్, ఒకే లోపం. మామూలు ఆడవాళ్ళ కంటే రొమ్ములోనూ అండాశయంలోనూ కేన్సర్ వచ్చే అవకాశం చాలా రెట్లు పెంచేది. అంకుల్ వాళ్ళమ్మే ఆంటీకి అమ్మమ్మ. ఆ ఒక్క మనిషి నుంచే ఇద్దరికీ వచ్చి ఉంటుంది.

ఆంటీ తలుపు తట్టింది. ఉప్మా చల్లారిపోతోంది రామ్మా అంటోంది.

సెప్టెంబర్ 9

ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని నిన్న రెండుసార్లు అడిగింది. సరిపోయింది ఆంటీ అన్నాను. ఏం తిన్నానో నాకు తెలీదు.

సెప్టెంబర్ 11

ముందే తెలిసిపోతే బాగుపడే జబ్బు ఇది. ఏటేటా స్కాన్ చేయిస్తారు. కావాలంటే ఆపరేషన్ ఉంది. అలాంటప్పుడు చెప్పడానికి అడ్డమేమిటి?

అడ్డం ఆంటీ జవాబే. రక్తం ఇచ్చేముందు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాం: ప్రమాదకరమైనదేదైనా బయటపడితే మీకు చెప్పమంటారా? ఆ రోజు పక్కన నేనే ఉన్నాను. నర్సు ఆంటీని ఇంగ్లీషులో అడిగింది. అంకుల్ అందుకున్నాడు. ఉన్న షుగర్‌తోనే చస్తున్నాం, కొత్తవి వెతుక్కోవాలా, మా ఇద్దరికీ వద్దని రాసుకోండి అన్నాడు. అందరూ నవ్వారు. ఆంటీ ఏదో అనబోయి, సరే, మావయ్య ఎలా అంటే అలా అంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ఆంటీ ఆయన్ని పుట్టినప్పటి నుంచీ మావయ్యా అనే పిలుస్తోంది. బయట మాత్రం ఏవండీ అంటుంది. వాళ్ళమ్మాయి నిఖిల బయాలజీ క్లాసు విని ఇంటికొచ్చి, సో గ్రాస్ లా మమ్మీ, ఛీ, నా ఫ్రెండ్స్ ముందు అలా పిలవకు అన్నదట. అప్పటి నుంచీ ఇక్కడ ఎవరికీ చెప్పుకోదు. నాకు చెప్పింది. నువ్వు మనమ్మాయివి కదా, నీకు వింతేముంది అంది.

సెప్టెంబర్ 13, శనివారం

ఆంటీతో కూర్చుని గోంగూర ఒలిచాను. లిటిల్ ఇండియా నుంచి తెచ్చిన కట్టలు, సగం వాడిపోయినవి. మీ అమ్మమ్మగారు ఎలా పోయారని అడిగాను. మామూలుగానే అడిగాననుకున్నాను.

రొమ్ములో గడ్డట. చీరకొంగు కప్పుకునే తిరిగిందట, చీము పట్టేదాకా ఎవరికీ చూపించలేదట. తర్వాత ఆంటీ వాళ్ళమ్మ. పొట్ట ఉబ్బితే గ్యాస్ అన్నారట. ఆర్నెల్లలో పోయింది.

ఇన్ని ఆరా తీస్తున్నావు, నువ్వు సైంటిస్టువా సీఐడీవా అని ఆంటీ నవ్వింది. తర్వాత నవ్వలేదు. ముందే తెలిసుంటే మా అమ్మని చెయ్యిపట్టుకుని లాక్కెళ్ళేదాన్నే అంది.

ఏరిన కాడలు గిన్నెలో, ఆకులు చెత్తబుట్టలో వేశాను. ఆంటీ చూసి నెత్తిన మొట్టింది.

సెప్టెంబర్ 15

డాక్టర్ యోకి మేనరికం గురించి చెప్పాను. మా వైపు ఇదొక ఆచారం, శాంపిల్స్ తారుమారు కాలేదేమో అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. యువర్ సైడ్ స్టిల్ కెన్ మ్యారీ అంకుల్ అహ్? అంది. అవమానించాలని కాదు, నిజంగానే తెలీదు. సరే, రెండూ ఉంచుదాం అంది.

మ్యుటేషన్ చూపించాను. చాలాసేపు చూసింది. వద్దన్నారు కదా, మనం చెప్పకూడదు, వాళ్ళ మాట మనం దాటితే రేపు ఎవరూ రక్తం ఇవ్వరు అంది. అదీ నిజమే. ఆవిడ చెడ్డది కాదు. నెలాఖరున, ముప్ఫయ్యో తేదీన, ఏ కోడ్ ఎవరిదో చెప్పే ఫైలు చెరిపేస్తారు. ఆ తర్వాత ఈ శాంపిల్ ఎవరిదో ఎప్పటికీ ఎవరికీ తెలీదు.

వెళ్తూ వెళ్తూ ఆగి, వాళ్ళెవరో నీకు తెలుసా అని అడిగింది. గుర్తుపట్టడమే తప్పని నాకు తెలుసు. ఉద్యోగం పోతుంది, దాంతో ఈ దేశంలో ఉండనిచ్చే నా వర్క్ పాస్ కూడా. తెలీదన్నాను.

సెప్టెంబర్ 16

అమ్మ ఫోన్. ఏందే, ఇంకా కేన్సరుకి మందు కనిపెట్టలా, నేను చిలకమ్మకి చెప్పేసినా మా పిల్ల కనిపెడతందని అంది. చిలకమ్మ మా పక్కింటామె.

పేర్లు లేకుండా అడిగాను. ఒకామె జబ్బు సంగతి మాకు తెలిసింది, వాళ్ళాయన వద్దన్నాడు, ఏం చేయాలి? అమ్మ తన సంగతి ఎత్తింది. తమ్ముడు పుట్టాక తనకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు కదా, అప్పుడు కాగితాల మీద వేలిముద్ర వేసింది నాన్నట. మీ నాయన్నడిగారు, నన్నెవురడిగారే అంది. నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఇంకో బిడ్డ కావాలనుండిందా అని అడిగాను. ఇప్పుడెందుకులే, చార్జీ అయిపోతంది అని పెట్టేసింది. వాట్సాప్ కాల్‌కి డబ్బులు పడవని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

సెప్టెంబర్ 18

మా గదుల మధ్య ఒక గోడ. అవతల ఆంటీ ఇస్త్రీ చేస్తోంది, ఆవిరి చప్పుడు వినిపిస్తోంది. తలుపు తీసి ఒక్క మాట చెబితే అయిపోతుంది. కానీ చెప్పేస్తే నేనూ అంకుల్ చేసిన పనే చేసినట్టు. ఆయన ఆమె బదులు వద్దన్నాడు, నేను ఆమె బదులు కావాలంటాను. ఆమె నిజంగానే తెలుసుకోవాలనుకోకపోతే? చెప్పాక వెనక్కి తీసుకోలేను. చెప్పకపోతే రోజూ ఆమె చేతి వంట తింటూ, ఆమె నడుం నొప్పన్నా ఆయాసమన్నా ఉలిక్కిపడుతూ ఇదే గదిలో ఉండాలి. వేరే ఇల్లు చూసుకోవచ్చు. ఊరికి అటు చివర పుంగ్గోల్‌లో గది ఉందట. అక్కడికెళ్ళినా నాకు తెలిసింది తెలిసినట్టే ఉంటుంది. నిఖిల ఇందాక వచ్చి, అక్కా, వై యూ సో బ్లర్ దిస్ వీక్, ఏం చెప్పినా ఎక్కట్లేదు అంది. దానికి పదిహేడేళ్ళు. దానికీ వచ్చి ఉండొచ్చు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

పరిశోధనల్లో తప్పొప్పులు చూసే ఎథిక్స్ కమిటీకి ఉత్తరం ఇంగ్లీషులో పంపేశాను. నా భాషలో ఇది.

ఎథిక్స్ కమిటీ వారికి,

ఒక జంట శాంపిళ్ళని నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టలేదని డాక్టర్ యోకి అబద్ధం చెప్పాను. అందుకు మీరు తీసుకునే ఏ చర్యకైనా సిద్ధం. ఫలితం ఆమెకి చెప్పమని నేను అడగడం లేదు. భర్త గదిలో లేనప్పుడు, తెలుగు తెలిసిన మనిషిని పెట్టి, ఆ ప్రశ్న ఆమెనే మళ్ళీ ఒకసారి అడగండి. వద్దంటే నేనూ నోరెత్తను. ముప్ఫయ్యో తేదీ దాటితే అడగడానికి ఎవరూ దొరకరు.

దయచేసి సెప్టెంబర్ 26 లోగా జవాబివ్వండి.