కూజా మెడ కింది చుక్క

సెప్టెంబర్ 21, 2011. రఘునాథపల్లి
డిజైన్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి అభ్యంతరం. నేను గీసిన ఇత్తడి కూజాకు ముందువైపు ఫొటోలో మెడ కింద నల్లచుక్క ఉందట. ఏటవాలు ఫొటోలో అదే చోట లేదట. చుక్క రూపంలో భాగమా, కాదా? స్పష్టం చేయాలి.
సరైన ప్రశ్నే. అదే కోపం.
మార్చిలో ఒక ఫొటో తీయగానే సుగుణ కాటుక వేలు తెచ్చి అద్దింది. "కొత్త సామాను. దిష్టి తగుల్తది, ఉండనియ్యి." పెండ్లయిన నాటి నుంచి అంతే. కొత్త కుండయినా, నా కొత్త చొక్కా అయినా.

22
హన్మకొండ షోరూం వాడికి గీత గీయడం నేర్పింది నేను. నేను గీసిన దీపం నమూనాను పోతపోయించి అమ్ముకుంటున్నాడు. "గీత మీదే సార్, కాదన్ననా? కాయితం ఉన్నదా మరి?"
లేదు. కూజాకైనా ఉండాలి.
దరఖాస్తుకు ముందే బయటపెడితే కొత్తదనం చెల్లదు. అందుకే ఎవరికీ చూపలేదు. చూపడానికి ఎవరున్నారు గనక...

24
దరఖాస్తు పెట్టించిన ఏజెంటుకు ఫోన్. చుక్క డిజైన్‌లో లేదని రాసిస్తే చాలదా అన్నాను.
"చాలదు సారూ. ఒకదాంట్ల ఉండి ఒకదాంట్ల లేకపోతే ఏది అసలుదనుకోవాలె వాళ్లు? తుడిచి మళ్ల తీయించుండ్రి. నెలాఖరు దాటితే దరఖాస్తు పోయినట్టే."

25
సమ్మె. బస్సుల్లేవు. ఫొటో స్టూడియోకు తాళం. స్టూడియో యాకూబ్ సమ్మె శిబిరంలో దొరికాడు.
"తెలంగాణ రానియ్యి సార్, మీ కూజాకు ఊరేగింపు జేసి మరీ తీస్త!"
అందరూ నవ్వారు. అరవై తొమ్మిది ఉద్యమంలో లాఠీ దెబ్బ తిన్నవాణ్ని. కూర్చొమ్మన్నవాడు లేడు.

26
వాన. గడప దాటలేదు.

27
యాకూబ్ తనే వచ్చాడు, కెమెరాతో. మొన్నటి నవ్వుకు సిగ్గుపడ్డట్టున్నాడు. బీరువాలోంచి కూజా తీశాను. వెలుతురులో పెట్టి చూశాడు.
"కాటుకనే గద సార్. జర కొబ్బరినూనె రాసి రుద్దితే పోతది."
గుడ్డ తీశాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.
చుక్క కాదది. దగ్గర నుంచి చూస్తే సన్నటి గీతలు, సుడి. సుగుణ వేలిముద్ర. ఎండాకాలంలో పోయిన మనిషిది ఇంట్లో ఇంకెక్కడా లేదు.
యాకూబ్‌కూ కనబడింది. గుడ్డ బల్ల మీద పెట్టేశాడు.
"నేను ముట్ట సార్. రేపు పొద్దుగాల్ల వస్త. ఆలోపు మీరే తుడిచి పెట్టుండ్రి."